శేషమును బోధించిన గణితాచార్యులు: శ్రీ మహావీరాచార్యుల చరిత్ర

జైనాచార్యులు మన దేశమునకు ప్రసాదించిన విద్యలలో ధర్మము, తర్కము, వ్యాకరణము, కావ్యము అందరికిని తెలిసినవే. గణితమును గూర్చి మాత్రము మనవారిలో అనేకులకు తెలియదు. వర్తకమే జీవనముగా గల ఇండ్లలో ఉదయము పెట్టె తెరచినది మొదలు రాత్రి చిట్టా మూయువరకు కూడికయు తీసివేతయు జరుగుచునే యుండును. అయినను, ఆ లెక్కలనే శాస్త్రముగా కూర్చి శ్లోకములలో బోధించిన జైన గురువు ఒకరు సుమారు 1,170 ఏండ్ల క్రిందట మన కన్నడ దేశముననే వర్ధిల్లిరని ఎరిగినవారు అరుదు. ఆ మహనీయులే గణితసారసంగ్రహ గ్రంథకర్తలైన శ్రీ మహావీరాచార్యులు.

కోలారు జిల్లాలోను, బంగారు గనుల పట్టణములోను కాపురమున్న కుటుంబముల పిల్లలు కన్నడము, తెలుగు, తమిళము, ఇంగ్లీషు భాషలలో చదువుకొనుచున్నారు. ఏ భాషలో చదివినను, తీసివేత లెక్క దగ్గర వారు తడబడుట ఒక్కతీరుగనే యున్నది. తీయుట వారికి వచ్చును. దేనిలోనుండి దేనిని తీయవలెనో, ఏ అంకె క్రింద ఏ అంకెను వ్రాయవలెనో, అచ్చటనే చిక్కు. ఈ చిక్కును విడదీయుటకు మహావీరాచార్యుల గ్రంథము నేటికిని పనికివచ్చును. కావున ఆ మహనీయుల చరిత్రను, వారు నేర్పిన శేషగణితమును ఇచ్చట సంగ్రహముగా చెప్పుట యుక్తము.

దేశకాలములు

మహావీరాచార్యులు క్రీ.శ. 9వ శతాబ్దమువారు. వారి కాలమున దక్కనును రాష్ట్రకూటులు ఏలుచుండిరి. రాజధాని మాన్యఖేటము. అది నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ గ్రామము. సింహాసనమున ఉన్నవాడు అమోఘవర్ష నృపతుంగుడు. ఆయన 814 మొదలు 878 వరకు, అనగా అరువది నాలుగేండ్లు రాజ్యము చేసెను. ఆదిపురాణకర్త జినసేనాచార్యులు ఆయనకు గురువులు. కన్నడములో లభించిన మొదటి లక్షణగ్రంథమైన కవిరాజమార్గము ఆయన ఆస్థానముననే వెలసెను. విద్వాంసులకు అన్నవస్త్రముల కొరత లేని ఆ కాలముననే, సుమారు 850 ప్రాంతమున, గణితసారసంగ్రహము రచింపబడెను.

ఆచార్యులు దిగంబర సంప్రదాయమువారు. గ్రంథారంభమున వర్ధమాన మహావీరస్వామికి నమస్కరించి, పిదప స్యాద్వాదమును ఆదరించిన నృపతుంగుని పాలన వృద్ధిపొందవలెనని కోరిరి. తమ తల్లిదండ్రుల పేర్లను గాని, ఊరిని గాని, తాము పొందిన సన్మానములను గాని చెప్పుకొనలేదు. తనను గూర్చినదంతయు తీసివేసి శాస్త్రమును మాత్రమే శేషముగా మిగిల్చిన మహనీయుల జీవితమును వారి గ్రంథములోనే చదువుకొనవలెను.

కోలారునకు ఆ కాలపు జైన చరిత్రతో సంబంధము గట్టిది. కోలారు పూర్వనామము కువలాలపురము. అది గంగరాజుల మొదటి రాజధాని. సింహనంద్యాచార్యులను జైనముని సహాయముతో గంగరాజ్యము స్థాపింపబడెననియు, నందగిరి వారి కోట, కువలాలము వారి పురము, జినేంద్రుడు వారి దైవమనియు శాసనములు చెప్పుచున్నవి. ఆ నందగిరియే నేటి నంది కొండ. 2007లో చిక్కబళ్లాపురము వేరు జిల్లా అగువరకు అదియు కోలారు జిల్లాలోనే ఉండెను. గంగరాజులు రాజధానిని తలకాడునకు మార్చిన తరువాత కూడ కువలాలపురవరేశ్వరులను బిరుదును విడువలేదు. శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపిన చావుండరాయుడు ఆ గంగరాజుల మంత్రియే.

అమోఘవర్షునకును గంగరాజులకును చాలకాలము యుద్ధము జరిగెను. తుదకు అమోఘవర్షుడు తన కుమార్తె చంద్రబ్బలబ్బెను గంగ యువరాజు బూతుగునకు ఇచ్చి వివాహము చేసి ఆ వైరమును మాన్పెను. అంతటితో మాన్యఖేటమునకును గంగరాజ్యమునకును బంధుత్వము కలిగెను. మహావీరాచార్యుల విద్య వ్యాపించిన ప్రపంచము ఇట్టిది.

గ్రంథస్వరూపము

ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మొదలగువారు గణితమును జ్యోతిషగ్రంథములలో ఒక భాగముగా చెప్పిరి. బ్రహ్మగుప్తుని గ్రంథము 628 నాటిది. మహావీరాచార్యులు జ్యోతిషమును విడదీసి, గణితమునకే ఒక సంపూర్ణ గ్రంథమును వ్రాసిరి. భాస్కరాచార్యుని లీలావతి వెలువడినది సుమారు మూడు వందల ఏండ్ల తరువాత, 1150లో.

గణితసారసంగ్రహము సంస్కృతమున వేయికి పైగా శ్లోకములు గల గ్రంథము. మొదటిది సంజ్ఞాధికారము. అందు కొలతలు, తూనికలు, నాణెములు, సంఖ్యాస్థానముల పేర్లు ఉన్నవి. తరువాత ఎనిమిది వ్యవహారములు: పరికర్మము, భిన్నములను గూర్చిన కలాసవర్ణము, ప్రకీర్ణకము, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రగణితము, గోతులు త్రవ్వు లెక్కలు గల ఖాతము, నీడల లెక్కలు గల ఛాయ. వడ్డీ, లాభము, పంపకము, బంగారపు వన్నె మొదలగు వర్తకుల లెక్కలన్నియు త్రైరాశిక మిశ్రక వ్యవహారములలో చేరినవి.

గణితము లేక లోకములో ఏ పనియు సాగదని ఆచార్యులు ఆరంభముననే చెప్పిరి. వంట, వైద్యము, వాస్తువు, సంగీతము, నాటకము, ఛందస్సు, సూర్యచంద్రుల గతి, అన్నిటికిని గణితమే ఆధారమని వారి భావము. తాము చేసిన పనిని చెప్పునపుడు మాత్రము ఎంతో వినయము చూపిరి. సముద్రములోనుండి రత్నములను, రాతిలోనుండి బంగారమును, చిప్పలోనుండి ముత్యమును తీసినట్లు పూర్వుల శాస్త్రసముద్రమునుండి కొంచెము సారమును తీసితినని వారు చెప్పిన ఉపమానము. రాతిలోనుండి బంగారము తీయుట యన్న మాట కోలారు జిల్లావారికి వివరింపనక్కరలేదు.

గణకునకు ఉండవలసిన ఎనిమిది గుణములను కూడ వారు చెప్పిరి. వానిలో త్వరగా చేయుట ఒకటి, సోమరితనము లేకుండుట ఒకటి, గ్రహించుట, జ్ఞాపకముంచుకొనుట, క్రొత్త ఉపాయమును కనుగొనుట మరికొన్ని. ఊహ, అపోహ అను రెండు గుణములు మిక్కిలి ముఖ్యమైనవి. లెక్క మొదలుపెట్టక మునుపే ఫలము ఎట్లుండునో యోచించుట ఊహ. ఇట్లు ఉండజాలదని త్రోసివేయుట అపోహ. చిన్నపిల్లలకు తీసివేత నేర్పునపుడు నేర్పవలసినవి మొదట ఈ రెండు గుణములే.

అంకెల స్థానము, సున్న

పరికర్మ వ్యవహారమున ఆచార్యులు ఎనిమిది క్రియలను చెప్పిరి. గుణకారము, భాగహారము, వర్గము, వర్గమూలము, ఘనము, ఘనమూలము, సంకలితము, వ్యుత్కలితము. ఇందు సామాన్యమైన కూడికయు తీసివేతయు లేవు. సంకలితమనగా వరుసగా పెరుగు సంఖ్యల మొత్తము, వ్యుత్కలితమనగా ఆ మొత్తములోనుండి కొంత తీయగా మిగులు శేషము. అనగా సామాన్యపు తీసివేత తడబాటు లేకుండ వచ్చిన బాలునికే ఈ గ్రంథద్వారము తెరచుకొనునని గ్రహింపవలెను. ఆ తడబాటు లేకుండ చేయుటకు కావలసిన రెండు ఆధారములను మాత్రము వారు స్పష్టముగా చెప్పిరి. ఒకటి స్థానము, రెండవది శూన్యము.

ఒకటి, పది, నూరు, వేయి మొదలుగా మహాక్షోభము వరకు 24 స్థానములకు వారు పేర్లు చెప్పిరి. ఒక్కొక్క స్థానము ముందరి దానికి పదింతలు. ఈ సంగతి మనసున నాటని పిల్లవాడు 640లోనుండి 58 తీయుమనగా, ఎడమప్రక్క నుండి మొదలుపెట్టి 64 క్రింద 58 వ్రాయును. అప్పుడు వాడు తీసినది 58 కాదు, 580. శేషము 582 రావలసినచోట 60 వచ్చును. అంకె తన స్థానమును తప్పినచో దుకాణములో రొక్కము తప్పినట్లే. కావున ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు నిలువవలెను. అంకెలను కుడిప్రక్కనుండి సరిచూచి వ్రాయుట అలవాటు చేయవలెను. గళ్ల కాగితమైనచో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకెను వ్రాయించుట మేలు.

రెండవ తడబాటు ఇంతకంటె సాధారణము. 503లోనుండి 278 తీయునపుడు, 3లోనుండి 8 పోదని చూచి పిల్లవాడు 8లోనుండి 3 తీసి 5 వ్రాయును. సున్నలోనుండి 7 పోదు గనుక 7 వ్రాయును. 5లోనుండి 2 తీసి 3 వ్రాయును. 375 వచ్చెనని సంతోషించును. ఇచ్చట అపోహ పనిచేయవలెను. ఐదువందల చిల్లరలో దాదాపు మూడువందలు పోయిన తరువాత రెండువందల పైచిలుకే మిగులవలెను గాని మూడువందల డెబ్బది యైదు ఎట్లు మిగులును? సరియైన శేషము 225. దానిని 278తో కూడినచో మరల 503 వచ్చును. తప్పు శేషమైన 375ను 278తో కూడినచో 653 అగును. మిగిలినదానిని తీసినదానితో కలిపి చూచుటయే తీసివేతకు గీటురాయి.

సున్నను గూర్చి ఆచార్యులు చెప్పిన నియమము సులభము. ఒక సంఖ్యకు సున్నను కలిపినను, దానినుండి సున్నను తీసినను ఆ సంఖ్య మారదు. సున్నతో గుణించినచో సున్నయే. కాని సున్నలోనుండియే తీయవలసి వచ్చినపుడు పిల్లలు నిలిచిపోవుదురు. దీనికి బంగారు గనుల చరిత్రనుండియే ఒక లెక్క చెప్పవచ్చును. జాన్ టేలర్ కంపెనీవారు కోలారు గనులలో పని మొదలుపెట్టినది 1880లో. గనులు మూతపడినది 2001 ఫిబ్రవరి 28న. నడుమ ఎన్ని ఏండ్లు? 2001లోనుండి 1880 తీయవలెను. ఒకట్లలో 1లోనుండి 0 పోగా 1. పదులలో సున్నలోనుండి 8 పోదు. ప్రక్కనున్న వందల యింటికి అప్పునకు పోయినచో అచ్చటను సున్నయే. కావున వేల యింటికి పోవలెను. అచ్చట 2లో ఒకటి ఇచ్చివేయగా 1 మిగులును. ఆ వేయి వందల యింటికి పది వందలుగా వచ్చును. అందులో ఒక వందను పదుల యింటికి పది పదులుగా ఈయగా, వందల యింట 9 నిలుచును. ఇప్పుడు 10లోనుండి 8 పోగా 2, 9లోనుండి 8 పోగా 1, 1లోనుండి 1 పోగా ఏమియు లేదు. శేషము 121.

ఈ అప్పు పద్ధతి నేటి బడులలో నేర్పునది. వర్తకుల పిల్లలకు దీనిని నోట్లతో చూపిన మరింత బాగుగా తెలియును. వంద రూపాయల నోటును పది పదులుగా మార్చినంతమాత్రమున సొమ్ము తరుగదు, పెరుగదు. పెట్టెలోని మొత్తము మారక, రూపము మాత్రమే మారినదని చూచిన బాలుడు మరల సున్నకు వెరవడు.

మామిడిపండ్ల లెక్క

మహావీరాచార్యుల బోధనాశక్తి పూర్తిగా వెల్లడియగునది ప్రకీర్ణక వ్యవహారమున. అందు శేషజాతి అను లెక్కలు కలవు. ఒక మొత్తమునుండి ఒక భాగము తీసి, మిగిలినదానినుండి మరియొక భాగము తీసి, అట్లే పోవుచు తుదకు కొంత మిగిలినచో, మొదటి మొత్తమెంతయని అడుగు లెక్కలవి. అందులో ఒకటి రాజుగారి యింటి మామిడిపండ్ల లెక్క. పండ్ల రాశిలో రాజు ఆరవ వంతు తీసికొనెను. మిగిలినదానిలో రాణి ఐదవ వంతు తీసికొనెను. తరువాత మువ్వురు రాకుమారులు అప్పటికప్పుడు మిగిలినదానిలో వరుసగా నాలుగవ వంతు, మూడవ వంతు, సగము తీసికొనిరి. కడపటి చిన్నవానికి మూడు పండ్లు మిగిలెను. మొదట ఎన్ని పండ్లు?

తొందరపడు పిల్లవాడు ఈ భాగములన్నిటిని మొదటి రాశిలోనుండియే తీయబోవును. ఆరవ వంతు, ఐదవ వంతు, నాలుగవ వంతు, మూడవ వంతు, సగము కలిపినచో అరువదింట ఎనుబది యేడు వంతులగును. అనగా ఉన్న పండ్లకంటె తీసికొన్న పండ్లే ఎక్కువ! చిన్నవానికి మూడు మిగులుట మాట యటుంచి, రాకుమారులకే చాలవు. లెక్క పెట్టిన తీరే తప్పని ఇచ్చట దానంతట అదియే బయటపడును.

ఆచార్యులు చెప్పిన మార్గము ఇది. ఒక్కొక్క భాగమును ఒకటిలోనుండి తీసి, మిగిలిన వంతులను ఒకదానితో నొకటి గుణింపవలెను. ఆరింట ఐదు, ఐదింట నాలుగు, నాలుగింట మూడు, మూడింట రెండు, రెండింట ఒకటి గుణింపగా ఆరవ వంతు నిలుచును. మొత్తములో ఆరవ వంతు మూడు పండ్లయినచో, మొత్తము 18. సరిచూచినచో రాజునకు 3, శేషము 15. రాణికి 3, శేషము 12. రాకుమారులకు మూడేసి, శేషములు 9, 6, 3. రాజునకెన్ని పండ్లో కడపటి బిడ్డకును అన్నియే. ఆరుగురికిని సమభాగమే ముట్టినది. పైకి హెచ్చుతగ్గులుగా కనబడు పంపకములో ఎవ్వరికిని అన్యాయము లేదని లెక్క సరిగా పెట్టినవానికే తెలియును.

మొత్తములోనుండియా, శేషములోనుండియా అను ప్రశ్న మామిడిపండ్లతో ముగియదు. అది వడ్డీ వ్యాపారమునకు ప్రాణము. ఒక గని కూలి నగ తాకట్టు పెట్టి, నెలకు నూటికి రూపాయి వడ్డీ చొప్పున 1,000 రూపాయలు తీసికొనెననుకొందము. నెల నిండగానే 10 రూపాయల వడ్డీయు, అసలులో 400 రూపాయలును చెల్లించెను. రెండవ నెలకు వడ్డీ ఎంత? శేషము 600 గనుక 6 రూపాయలు. మొదటి మొత్తముననే లెక్కకట్టినచో 10 రూపాయలు. నడుమనున్న 4 రూపాయలు ఎవరివి? అవి కూలివాని యింటి బియ్యపు డబ్బులు. పద్దు వ్రాయువాడు తెలియక చేసినచో అది లెక్క తప్పు, తెలిసి చేసినచో ఈయనిదానిని తీసికొనుట. తప్పుడు తూనికలు కొలతలు వాడుట అచౌర్యవ్రతమునకు దోషమని జైనశాస్త్రములు చెప్పుచున్నవి. తప్పుడు శేషము కూడ తప్పుడు తూనిక వంటిదే. పిల్లలకు చిన్ననాడే తీసివేతను సరిగా నేర్పవలెననుటకు ఇంతకంటె కారణమక్కరలేదు.

వ్యుత్కలితము, ధనఋణములు, వన్నె

వ్యుత్కలితమును ఒక చిన్న ఉదాహరణముతో చూపవచ్చును. ఒక బాలుడు మొదటి నెల 2 రూపాయలు, తరువాత నెలనెలకు 3 రూపాయలు హెచ్చుగా పది నెలలు దాచెను. మొత్తము 155. మొదటి నాలుగు నెలల సొమ్మైన 2, 5, 8, 11, అనగా 26 రూపాయలు, పుస్తకములకు ఖర్చుచేసెను. శేషము 129. ఆచార్యులు దీనికి మరియొక త్రోవయు చూపిరి. తీసివేసిన పదముల సంఖ్యను హెచ్చుతో గుణించి మొదటి పదమును కలిపినచో, శేషశ్రేఢికి మొదటి పదము వచ్చును. నాలుగు మూళ్లు పండ్రెండు, రెండు కలుపగా 14. ఐదవ నెల సొమ్ము అదియే. అచ్చటనుండి ఆరు నెలలు కూడినను 129 వచ్చును. రెండు త్రోవలు ఒకే యింటికి చేరినపుడే లెక్క నిజమని నమ్మవలెను.

ధనమును ఋణమును గూర్చియు వారు నియమము చెప్పిరి. తీయవలసినది ధనమైనచో దానిని ఋణముగా, ఋణమైనచో ధనముగా మార్చి కలుపవలెను. అప్పును తీయుట కలుపుట ఎట్లగునని పిల్లలు అడుగుదురు. వర్తకునికి ఇది అనుభవమే. చేతిలో 50 రూపాయలుండి 20 రూపాయల బాకీ యున్నవాని ఆస్తి 30. బాకీదారుడు దయతలచి ఆ 20ని కొట్టివేసినచో ఆస్తి 50 అగును. ఋణమును తీయగా ధనము పెరిగినది.

బంగారపు వన్నె లెక్కలు మిశ్రక వ్యవహారములోనివి. మేలిమిని పదారువన్నె బంగారమని మన తెలుగువారు నేటికిని అనుచున్నారు. 14 వన్నెల బంగారము 4 తులములు, 9 వన్నెల బంగారము 6 తులములు కలిపి కరగించినచో ఏ వన్నె వచ్చును? తూకమును వన్నెతో గుణించి కలుపగా 110. మొత్తము తూకము 10చే భాగింపగా 11 వన్నెలు. పదారులోనుండి 11 తీయగా మేలిమికి 5 వన్నెలు తక్కువ. ఆ 10 తులములలో మేలిమి 110ని 16చే భాగింపగా వచ్చు 6 7/8 తులములు. కలిసిన యితర లోహము 3 1/8 తులములు. తరుగు తీయునపుడు ఏ తూకములోనుండి తీయుచున్నామో కొనుగోలుదారునికి చెప్పగల దుకాణమే నిలుచును.

ఇంతటి ఆచార్యుల గ్రంథమునను ఒక పొరపాటు కలదు. సంఖ్యను సున్నతో భాగించినచో అది మారదని వారు చెప్పిరి. పంచుకొనువారు లేనపుడు సొమ్ము సొమ్ముగానే నిలుచునను భావముతో చెప్పియుందురని కొందరు పండితులు సమాధానము చెప్పుదురు. నేటి గణితము సున్నతో భాగహారమునే అంగీకరింపదు. దీనిని దాచనక్కరలేదు. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని అంత పూర్వమే స్పష్టముగా చెప్పిన మహనీయుల కీర్తికి ఇది లోపము కాదు.

తరువాతి చరిత్ర

ఆచార్యుల పిమ్మట వారి విద్య దేశభాషలలోనికి వచ్చెను. పావులూరి మల్లన దానిని సారసంగ్రహ గణితమను పేర తెలుగు పద్యములలో రచించెను. తెలుగున శాస్త్రగ్రంథములకు అదియే మొదటిదని ప్రసిద్ధి. మల్లన శైవుడగుటచే జినస్తుతుల స్థానమున శివుని స్తుతించెను. గణితము మాత్రము జైనాచార్యులదే. కన్నడమున 12వ శతాబ్దమున జైనకవి రాజాదిత్యుడు వ్యవహారగణితమును వ్రాసెను.

కాలక్రమమున మూలగ్రంథము తాళపత్రములకే పరిమితమయ్యెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యులైన ఎం. రంగాచార్యులు వ్రాతప్రతులను పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి పీఠిక వ్రాసెను. 1963లో లక్ష్మీచంద్ర జైన్ హిందీ అనువాదము షోలాపురమునుండి వెలువడెను. వేయేండ్లు దాటిన తరువాత ఆచార్యుల పేరు ఈ విధముగా మరల లోకమునకు వినబడెను.

మన కర్తవ్యము

నేడు దుకాణములలో యంత్రమే లెక్క చేయుచున్నది. కాని ఏ సంఖ్యను ముందు నొక్కవలెనో, దేనిని తీయుమని చెప్పవలెనో యంత్రము నిర్ణయింపదు. ఆ నిర్ణయము మనుష్యునిదే. తీసివేతలో కష్టమైన భాగము తీయుట కాదు, లెక్కను సరిగా నిలుపుట.

కనుక ఇంట పెద్దలు పిల్లలను కూర్చుండబెట్టి, పలక మీద అంకె వ్రాయక మునుపు మూడు మాటలు నోటితో చెప్పించవలెను. మొత్తమేది? తీయవలసినదేది? మిగులునది సుమారుగా ఎంత ఉండవచ్చును? ఇది ఆచార్యులు చెప్పిన ఊహ. తరువాత ఒకట్ల క్రింద ఒకట్లు నిలిపి వ్రాయించవలెను. శేషము వచ్చిన పిమ్మట దానిని తీసినదానితో కలిపి సరిచూపించవలెను. సరిపడనిచో కోపపడక, తప్పు ఎచ్చట పుట్టినదో పిల్లవానిచేతనే వెదకించవలెను. ఇది అపోహ. దినమునకు ఐదు లెక్కలు చాలును. వానిలో రెండు దుకాణపు పద్దులోనివైనచో మరింత మంచిది. ఒక పద్దులో బాకీ తీర్చినవాని శేషమును బాలుడే కట్టి చూపవలెను. తాను కట్టిన శేషము వెనుక ఒక మనుష్యుడున్నాడని వాడు చిన్ననాడే ఎరుగును.

మహావీరాచార్యులకు విగ్రహము లేదు, వారి ఊరు ఇదియని చూపు శిలాఫలకము లేదు. ఇంట బాలుడు మామిడిపండ్ల లెక్కను తప్పులేకుండ కట్టి, కడపటి బిడ్డకు మూడు పండ్లు ముట్టినవని చెప్పినచో, ఆ మహనీయులను స్మరించుటకు అది చాలును.